‘కబురు చేస్తాం’ అన్నారు!

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న వాణ్ణి తెలుగులో అభ్యర్థి అంటాము. అంటే అడిగేవాడు, వేడుకొనేవాడు. ఉర్దూలో అతనికే ఉమ్మీద్‌వార్ అని పేరు. ఉమ్మీద్ అంటే ఆశ. ఆశ పెట్టుకున్నవాడన్నమాట. ఈ మాట తెలుగువారికీ కొత్తది కాదు. కంపెనీ కాలపు కచేరీలలో ఎప్పటికైనా కొలువు దొరకకపోతుందా అని జీతం లేకుండా పనిచేస్తూ కాచుకొని ఉండేవారిని ఉమేదువార్లు అనేవారు. ఆ కచేరీలు పోయాయి. ఉమేదువార్లు మాత్రం పోలేదు. ఇప్పుడు వారు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కాచుకొని ఉంటున్నారు.

నా దగ్గర పదో తరగతి వరకు చదువుకున్న ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. బీటెక్ అయ్యాక హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో మూడేళ్ళుగా పనిచేస్తున్నాడు. తండ్రిది దర్జీ దుకాణం. ఇంట్లో పెళ్ళికెదిగిన చెల్లెలు ఉంది. ఒక పెద్ద కంపెనీకి దరఖాస్తు పెట్టాడు. ముందు ఫోనులో మాట్లాడారు. తర్వాత ఇంట్లోనే కెమెరా ఎదుట కూర్చోబెట్టి పరీక్ష పెట్టారు. ఆ తర్వాత సాంకేతిక విషయాల మీద ఒక ఇంటర్వ్యూ, వారం గడిచాక మరొకటి, ఇంకో వారానికి మేనేజరుతో మరొకటి. ప్రతిసారీ ‘బాగా చెప్పావు’ అన్నారు. చివరకు హెచ్.ఆర్. వాళ్ళు పిలిచి మూడు నెలల జీతం చీటీలు అడిగారు. ఎంత ఆశిస్తున్నావు, ఎప్పుడు చేరగలవు అని కూడా అడిగారు. ఇన్ని అడిగాక ఏ ఇంట్లోనైనా ఏమనుకుంటారు? ఉద్యోగం వచ్చినట్టే అనుకున్నారు. తల్లి ఇరుగుపొరుగుకు చెప్పేసింది కూడా.

‘మాట్లాడుకొని కబురు చేస్తాం’ అన్నారు. ఒక వారం, రెండు వారాలు, మూడు వారాలు గడిచాయి. నిన్నటి దాకా తామే ఫోను చేసిన మనిషి ఇప్పుడు ఫోను ఎత్తడు. ఈలోపు మరో కంపెనీ కాస్త తక్కువ జీతానికి ఉద్యోగం ఇస్తానని, ఐదు రోజుల్లో సమాధానం చెప్పమంది. పెద్దది వస్తుందన్న ధీమాతో ఆ చిన్నదాన్ని వదులుకున్నాడు. ఆ తర్వాత నాలుగు లైన్ల ఈమెయిల్ వచ్చింది. మీ ఆసక్తికి ధన్యవాదాలు, ఇతర అభ్యర్థులతో ముందుకు వెళుతున్నాం అని. తిరిగి జవాబు రాద్దామంటే ఆ చిరునామాకు ఉత్తరం పోదు!

‘సార్, పనికిరానని చెబితే బాధ లేదు. ఎక్కడ తప్పిందో చెబితే దిద్దుకుంటాను. అన్నిసార్లు పిలిచి, అన్నిసార్లు బాగుందని, చివరికి ఎందుకు వద్దన్నారు?’ అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

ఈ రంగంలో ఏళ్ళ తరబడి ఉన్నవారిని విచారిస్తే కొంత తెలిసింది. ఒక ఖాళీకి ఇద్దరు ముగ్గురు తగినవారు దొరుకుతారు. మొదటివాడికి ఉత్తరం ఇస్తారు. అతను పాత కంపెనీలో నోటీసు గడువు పూర్తిచేసుకొని రావాలి. చాలా చోట్ల అది 90 రోజులు. ఆ లోపల అతను ఇంకెవరో ఎక్కువ ఇస్తే అటు వెళ్ళిపోవచ్చు. కనుక అతను ఖాయమయ్యే దాకా రెండోవాడికి అవుననీ కాదనీ చెప్పరు. జేబులో పెట్టుకుంటారు. మరికొన్నిసార్లు ఇంటర్వ్యూలు సగంలో ఉండగానే ఖర్చు తగ్గించాలని పైనుంచి ఉత్తర్వు వస్తుంది, ఆ ఖాళీయే ఉండదు. కారణం రాసిస్తే దాన్ని పట్టుకొని తగవుకు వస్తారేమోనన్న భయం ఒకటి. అంటే అభ్యర్థిలో ఏ లోపమూ లేకుండానే ‘వద్దు’ అనిపించుకోవచ్చు. ఆ సంగతి అతనికి తప్ప అందరికీ తెలుసు.

కారణం చెప్పని చోట మనసు తానే కారణాలు వెతుకుతుంది. నా ఇంగ్లీషా? నా ఊరా? మన పిల్లలకైతే ఇంకో ప్రశ్న కూడా ఉంది. నా పేరా? నా గడ్డమా? హిజాబ్‌తో కెమెరా ముందు కూర్చున్న ఆడపిల్లకు ఈ అనుమానం రాదని ఎవరనగలరు? దీనికి ఆధారమే లేదనడానికీ వీలు లేదు. ఆచార్య సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన పరిశీలనలో 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. సమానమైన అర్హతలే ఉన్నా, సవర్ణ హిందువు పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడో వంతే అని తేలింది. అయితే అది మొదటి పిలుపు గురించిన లెక్క. ఇన్ని మెట్లెక్కించాక జరిగేదాని గురించి కాదు. ప్రతి తిరస్కారాన్నీ పక్షపాతమని నమ్మించి పిల్లల్ని పంపితే వారు రేపటి ఇంటర్వ్యూలో సగం ఓడిపోయే కూర్చుంటారు. పక్షపాతం లేని యజమానికి కూడా మౌనం వల్ల ఆ మచ్చ అంటుతుంది కదా!

ప్రభుత్వ రంగంలో ఈ గొడవ కోర్టుల దాకా వెళ్ళింది. శ్రీనగర్‌లోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల ప్రవేశాల విషయంలో అజయ్ హాసియా, ఖాలిద్ ముజీబ్ సెహ్రవర్దీ కేసు ప్రసిద్ధమైనది. అక్కడ రాత పరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50. ఆ ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాలు. అందులో నాన్న ఎవరు, ఊరేది అని అడిగారని విద్యార్థుల ఫిర్యాదు. మామూలుగా ఇంటర్వ్యూకు 15 శాతానికి మించి మార్కులు ఉండకూడదని, ఆ సంభాషణను టేపులో రికార్డు చేయడం మంచిదని 1980లో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే తీసేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 2019లో తీసేసి, తర్వాత మళ్ళీ తెచ్చింది. సివిల్ సర్వీసులలో మొత్తం 2,025 మార్కులలో ఇంటర్వ్యూకు 275. ఎంపిక కానివాడికి కూడా తన మార్కులెన్నో తెలుస్తాయి. ఏడుస్తాడేమో గాని, చీకట్లో తడుముకోడు.

ప్రైవేటు కంపెనీని ఇలా అడగడానికి దారి లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రభుత్వ సంస్థలకు వర్తిస్తుంది గాని వాటికి వర్తించదు. కనుక మన పిల్లలే జాగ్రత్తపడాలి. చివరి ఇంటర్వ్యూ ముగిసేటప్పుడే, ఏ తేదీ లోపల చెబుతారని మర్యాదగా అడగాలి. ఆ తేదీ దాటితే ఒక్కసారి గుర్తు చేసి, తమ దారి తాము చూసుకోవాలి. కాగితం చేతికి రానిదే చేతిలో ఉన్నదాన్ని వదలకూడదు.

పెద్ద కంపెనీలను అంటున్నాం సరే, మన సందులోని బడి మాటేమిటి? టీచరు ఉద్యోగానికి వచ్చిన ఆడపిల్లతో డెమో పేరిట మూడు రోజులు పాఠాలు చెప్పిస్తారు. ఆటో ఖర్చు ఆమెదే. ‘కబురు చేస్తామమ్మా’ అని పంపేస్తారు. ఆ కబురు ఎన్నటికీ వెళ్ళదు. మన యాజమాన్యాలలోనూ ఇది ఉంది. నమాజుకు మొదటి వరుసలో నిలబడే వారిలోనూ ఉంది.

నాకు తెలిసిన ఒక కరస్పాండెంటు మాత్రం డెమో ఇచ్చిన ప్రతివారికీ ఆ వారంలోనే ఫోనులో రెండు ముక్కలు రాస్తారు. ‘లెక్కల పాఠం బాగుంది. ఇంగ్లీషు మీడియంలో చెప్పగలవారు కావలసి వేరొకరిని తీసుకున్నాం’ అన్నట్టుగా. ఇంత ఓపిక ఎక్కడిది భాయ్ అని అడిగాను. ‘ఏడాదికి ఎంతమంది వస్తారు మౌలానా సాబ్? పదిమంది, పన్నెండుమంది. అందరికీ కలిపి అరగంట’ అన్నారు.