అంబులెన్సు ఉద్యోగంలో ఎక్కువకాలం నిలవాలంటే

రోగిని క్యాజువాలిటీలోకి చేర్చి కాస్త ఊపిరి పీల్చుకున్నాక, కొందరు బంధువులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడు డిగ్రీ చదివాడు, అంబులెన్సులో ఉద్యోగానికి పంపవచ్చా?" తప్పకుండా పంపవచ్చు. అయితే చేరడం వేరు, నిలబడటం వేరు. మీ ఇంటి ముందు ఆగే బండిలో పదేళ్ళ అనుభవం ఉన్న మనిషి ఉంటే, ఆ మేలు మీ రోగికే.

108 సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. బండిలో ఇద్దరుంటారు. నడిపేవారిని పైలట్ అంటారు. వెనుక రోగిని చూసుకునేవారు ఇ.ఎం.టి. ఈ ఉద్యోగానికి ఎక్కువగా సైన్సు డిగ్రీ, నర్సింగు, ఫార్మసీ చదివినవారిని తీసుకుని శిక్షణ ఇస్తారు. అవసరమైనప్పుడు కాల్ సెంటరులోని డాక్టరు ఫోనులో సలహా చెబుతారు. కానీ దారిలో కాన్పు చేయవలసి వస్తే అక్కడున్నవి ఇ.ఎం.టి. చేతులే.

ఈ ఉద్యోగంలో ముందుగా దెబ్బతినేది నడుము. ఇరుకు మెట్ల మీదుగా 70 కిలోల మనిషిని దించడం తేలిక కాదు. మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, నడుము మెలితిప్పకుండా ఎత్తాలి. ఒంటరిగా ఎత్తబోకూడదు. కుర్రతనంలో ఇది ఎవరూ వినరు, ముప్పై అయిదేళ్ళకు తెలిసివస్తుంది. చేరగానే హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ పూర్తి చేయించుకోవాలి. మొదటిదాని తరువాత నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది.

తరువాతిది నిద్ర. నైట్ డ్యూటీ చేసి వచ్చినవారిని పగలు పెళ్ళిళ్ళకూ, రేషను షాపుకూ పంపకండి. గది చీకటి చేసి పడుకోనివ్వండి. పైలట్‌కు ఒక్క కునుకు పడితే బండిలో ఉన్నవారందరి ప్రాణాలకూ ముప్పే.

అన్నిటికంటే కష్టమైనది మనసు సంగతి. చేతుల్లో పసిబిడ్డ ప్రాణం పోయిన అరగంటకే మరో కాల్ రావచ్చు. ఏడవటానికి కూడా సమయం ఉండదు. అలా లోపలే దాచుకున్నవారు కొందరు తాగుడుకు అలవాటు పడతారు, కొందరు ఇంట్లోవారి మీద విసుక్కుంటారు. మీ ఇంటి మనిషి అటువంటి రోజున మౌనంగా వస్తే గుచ్చిగుచ్చి అడగకండి. అన్నం పెట్టి దగ్గర కూర్చోండి. వారాల తరబడి నిద్రపట్టకపోతే, ఆ దృశ్యాలే కళ్ళముందు మెదులుతుంటే, మానసిక వైద్యునికి చూపించండి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

జీతం విషయం కూడా చెప్పాలి. ఇవి చాలావరకు ప్రభుత్వం తరఫున సంస్థలు నడిపే ఉద్యోగాలు. 2009లో సేవ నిర్వహణ జీవీకే సంస్థకు మారింది. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ మారింది. అందుకని నియామక పత్రం, జీతం చీటీలు దాచుకోవాలి. యాజమాన్యం మారినా పి.ఎఫ్. యు.ఎ.ఎన్. నంబరు ఒక్కటే ఉండేలా చూసుకోవాలి. చదువు కూడా ఆపకూడదు. సి.పి.ఆర్. పద్ధతులనే కొన్నేళ్ళకోసారి సవరిస్తుంటారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఈ వృత్తి కూడా ఉంది, కనుక గుర్తింపు ఉన్న కోర్సులోనే చేరడం మంచిది. బరువులు ఎత్తలేని వయసు వచ్చేసరికి శిక్షకుడిగానో, కాల్ సెంటరులోనో, ఆసుపత్రి అత్యవసర విభాగంలోనో పని వెతుక్కోవడానికి ఆ సర్టిఫికెట్టే ఆధారం.

మీ ఇంట్లో ఈ ఉద్యోగి లేకపోయినా మీ పాత్ర ఉంది. ఆలస్యమైందని కోపంతో చెయ్యి చేసుకునే బంధువులను మేము చూశాం. ఆ దెబ్బతో ఉద్యోగం మానేసినవారినీ చూశాం. ఇకపై ఫోను చేసిన వెంటనే ఒకరిని వీధి మొదట్లో నిలబెట్టండి, రాత్రయితే చేతికి టార్చిలైటు ఇవ్వండి. మెట్ల మీది చెప్పులు, సైకిలు తీసేయండి. స్ట్రెచరుకు చెయ్యి సాయం చేయండి, కానీ ఇ.ఎం.టి. ఎత్తమన్నాకే ఎత్తండి.