పుట్టుక – పెంపకం – మనశ్శాంతి

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అన్నారు మన పెద్దలు. “మొక్కై వంగనిది మానై వంగునా” అన్నదీ వారే. మొదటి సామెత భారమంతా పుట్టుకపై మోపుతుంది. రెండవది పెంపకంపై మోపుతుంది. ఇంట్లో ఎవరైనా దిగులుతో కుంగిపోయినప్పుడు ఈ రెండూ రెండు నిందలుగా మారుతాయి. “మీ వంశంలోనే ఉన్నది” అని ఒకరంటే, “నీ పెంపకమే అంత” అని మరొకరంటారు. ఈ వాదులాటలో ఆ మనిషికి అందవలసిన సాయం వెనుకబడిపోతుంది. కావున ఈ విషయమై విజ్ఞానశాస్త్రం ఏమంటున్నదో తెలుసుకొనడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఉద్యోగరీత్యా సూరత్‌లో నివసించే వారికి వరాఛా ప్రాంతం పరిచితమే. సౌరాష్ట్ర నుండి వలస వచ్చిన కార్మికులు అక్కడ వజ్రాలకు సానపడతారు. వజ్రపు కాఠిన్యం అన్ని దిశలలో ఒకే తీరుగా ఉండదు. ఒక దిశలో సానచక్రానికి లొంగే రాయి మరొక దిశలో ఎంతకూ అరగదు. నిపుణుడైన పనివాడు ముందుగా రాయి తీరు గ్రహించి, దానికి అనువైన దిశలో సానపడతాడు. మెరుపులో రాయి వాటా ఎంత, పనితనం వాటా ఎంత అని విడదీయలేము. జన్యువులు, పెంపకం కూడా అటువంటివే.

కవలలు చెప్పిన సంగతి

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బుచార్డ్ 1979లో, వేర్వేరు ఇళ్ళలో పెరిగిన కవలలపై అధ్యయనం ప్రారంభించారు. ఎడంగా పెరిగినప్పటికీ వారి స్వభావాలలో ఎన్నో పోలికలు కనిపించాయి. అక్కడి శాస్త్రజ్ఞులు డేవిడ్ లిక్కెన్, ఆకె టెల్లెగెన్ 1996లో మరింత ముందుకు వెళ్ళి, ఎక్కువ సంతోషంగా ఉండాలని ప్రయత్నించడం పొడుగు పెరగాలని ప్రయత్నించడం వంటిదేమోనని రాశారు. అయితే ఆ మాట సరికాదని 1999లో లిక్కెన్ స్వయంగా అంగీకరించారు.

కుంగుబాటు వ్యాధిలో వంశపారంపర్య ప్రభావం దాదాపు 37 శాతమని 2000లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ తేల్చింది. ఈ అంకెను అపార్థం చేసుకొనరాదు. ఒక మనిషి దుఃఖంలో 37 పాళ్ళు రక్తానివని దీని అర్థం కాదు. జనసమూహంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలలో జన్యువుల వాటా అది. పైగా ఇది ఏదో ఒక్క జన్యువు చేసే పని కాదు; ఒక్కొక్కటి స్వల్పంగా పనిచేసే అనేక జన్యువుల సమష్టి ప్రభావం.

ఇంటి వాతావరణం

ఫిన్లాండులో పెక్కా తియెనారి బృందం జరిపిన అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక వ్యాధి గల తల్లులకు పుట్టి, దత్తత వెళ్ళిన పిల్లలను వారు ఏళ్ళ తరబడి గమనించారు. 2004లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, కలహాలు నిండిన ఇళ్ళలో పెరిగినవారిలో ఆ కోవకు చెందిన వ్యాధులు ఎక్కువగా బయటపడ్డాయి. సామరస్యం గల ఇళ్ళలో పెరిగినవారిలో చాలా తక్కువగా కనిపించాయి. విత్తనం ఉన్నా, నేలను బట్టి మొలక.

మన కుటుంబాలలోనూ ఈ తేడా చూడవచ్చును. బదిలీపై కొత్త ఊరు వెళితే, ఒక బిడ్డ వారంలో స్నేహితులను చేసుకుంటాడు. తోడబుట్టినవాడు నెలల తరబడి ముభావంగా ఉంటాడు. తల్లిదండ్రులు ఒకరే, ఇల్లూ ఒకటే. అన్నతో పోల్చి తమ్ముణ్ణి మందలించడమంటే రాయి తీరు చూడకుండా సానపట్టడమే. వాడికి కావలసినది మరికొంత వ్యవధి, మరికొంత చేరువ.

పెంపకమంటే బాల్యం మాత్రమే కాదు. పెద్దవారికి ఉపాధి, తోటివారి ఆదరణ కూడా మనసును నిలబెట్టే ఆధారాలే. 2008 నాటి ఆర్థిక మాంద్యంలో సూరత్ వజ్ర పరిశ్రమలో వేలమంది పని కోల్పోయారు. కొందరు ఆత్మహత్యకు పాల్పడ్డారు. మళ్ళీ గిరాకీ పడిపోయిన 2024లో, కార్మిక సంఘమే ముందుకు వచ్చి కష్టంలో ఉన్నవారికి ఫోన్ సహాయ కేంద్రం ప్రారంభించింది. తోటివాడి మాట కూడా మందేనని వారు గుర్తించారు.

వంశంలో మధుమేహం ఉంటే ముందుజాగ్రత్త పడతాము, సిగ్గుపడము. మానసిక వ్యాధి విషయంలోనూ అదే దృష్టి అలవడాలి. నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం వంటివి రెండు వారాలకు మించితే వైద్యుణ్ణి సంప్రదించాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరుపై తెలుగులో కూడా ఉచితంగా లభిస్తున్నది.

జన్యువులను మనం ఎంచుకోలేదు. మన పిల్లలూ ఎంచుకోలేదు. ఇంటి వాతావరణం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉన్నది. లోపం ఎవరి వైపు నుండి వచ్చిందనే విచారణ మాని, సాయం ఎటు నుండి అందించగలమో ఆలోచించడమే మన కర్తవ్యం.