పెద్ద చేప ఎక్కడుంటుంది?

పెద్ద చేప పడటం అదృష్టం అంటారు మా ఊళ్ళో. మాది వ్యవసాయ కుటుంబం, పొలం చెరువు కిందే. చిన్నప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. జంతుశాస్త్రం చదువుతున్నాక ఆ మాట ఒప్పుకోబుద్ధి కావటం లేదు.

చేప నోరు చూస్తే సగం అడ్రసు తెలిసిపోతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైనీటిలో మేస్తుంది. ఎర్రమోసు నోరు కిందికి, దాని మేత అడుగు బురదలో. శీలావతి మధ్యనీటిది. బొచ్చె కోసం గాలాన్ని అడుగుకు దించినవాడు సాయంత్రం దాకా కూర్చోవలసిందే!

తర్వాత ప్రాణవాయువు సంగతి. పగలు నీటిమొక్కలు దాన్ని విడుదల చేస్తాయి. రాత్రి మొక్కా, చేపా అన్నీ వాడుకునేవే. అందుకే తెల్లవారుజామున చెరువులో అది బాగా తగ్గిపోతుంది. పైగా నీరు వేడెక్కినకొద్దీ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. వేసవి వేకువన చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచేది ఆకలితో కాదు, ఊపిరాడక. అప్పుడు వాటికి ఎర మీద ధ్యాస ఉండదు. కాస్త పొద్దెక్కనివ్వాలి.

కొర్రమీను దారే వేరు. దాని రుచి నేను చెప్పాలా, తెలంగాణ 2016లో దాన్ని రాష్ట్ర చేపగానే పెట్టుకుంది! దానికి మొప్పలొక్కటే చాలవు, మధ్య మధ్య పైకొచ్చి గాలి మింగాలి. తుంగలోనో, తామరాకుల సందునో నీరు బుడుంగుమంటే ఆ చోటు గుర్తుపెట్టుకుని, కప్పపిల్లను గుచ్చి మెల్లగా ఆడించాలి. గట్టుమీద కబుర్లు చెప్పుకున్నా ఫరవాలేదు, మాట చాలావరకు నీటిపైనే తిరుగుకొడుతుంది. ధబధబా నడిస్తే మాత్రం ఆ అదురు నేలలోంచి నీళ్ళలోకి దిగుతుంది. ఒంటి పక్కనున్న పార్శ్వరేఖతో చేప దాన్ని పసిగట్టేస్తుంది.

వానాకాలంలో ఒక్కోచోట ఎర్రెర్రని పిల్లలు గుంపుగా, నీరు ఉడుకుతున్నట్టు కదులుతాయి. కిందే తల్లో తండ్రో కాపలా ఉంటుంది. గుంపులో గాలం ఆడిస్తే ఆకలి లేకపోయినా మీదపడి కరుస్తుంది. పెద్ద కొర్రమీనుకు ఇంతకన్నా తేలికైన ఉపాయం లేదు. నాకు నేర్పింది మా చిన్నాన్న. కాని కాపలా పోయిన పిల్లల్ని మిగతా చేపలూ, నీటికాకులూ మిగలనివ్వవు. ఒక్క చేప కోసం వందల పిల్లలు!

ఈ మాటంటే మా చిన్నాన్న, "నువ్వు వదిలేస్తే పక్కవాడు పడతాడురా" అంటాడు. అదీ నిజమే, చెరువు మా ఒక్కళ్ళదీ కాదు. మేమిద్దరం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. ఈలోగా పిల్లల గుంపు కనబడితే నేను మాత్రం తూము వైపు వెళ్ళి, ఎర్రమోసుకని గాలం అడుగుకు దించుతున్నాను.