గ్రహణం మొర్రి: తప్పు గ్రహణానిది కాదు, అమ్మది అసలే కాదు

రామాయంపేట నుంచి మళ్లీ నేనే.

2026 జనవరిలో మా గల్లీలో ఒక అక్కకి బాబు పుట్టాడు. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది, లోపల అంగిలి కూడా. మనం గ్రహణం మొర్రి అంటాం, డాక్టర్లు క్లెఫ్ట్ లిప్ అండ్ ప్యాలెట్ అంటారు. చూడ్డానికి వచ్చిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "గ్రహణం నాడు కత్తిపీట ముట్టినవా బిడ్డా?" పాపం, అక్క ఏడ్చుకుంటూ "ఉల్లిగడ్డ కోసిన" అన్నది.

సరే, తేదీలు చూద్దాం. చంద్రగ్రహణం 2025 సెప్టెంబర్ 7 రాత్రి. అప్పటికి అక్కకి ఐదో నెల. కానీ కడుపులో బిడ్డ మొహం రెండు వైపుల నుంచీ ముక్కలుగా పెరిగి మధ్యలో అతుక్కుంటుంది. పెదవి పని మొదటి రెండు నెలల్లోనే అయిపోతుంది, అంగిలిది మూడో నెలలో. అంటే ఆ చీలిక మే, జూన్ నాటిదే. బగ్ జూన్‌లో వస్తే సెప్టెంబర్ కోడ్‌ని తిట్టినట్టుంది మన లెక్క! పైగా ఇది ఎవరో కోసింది కాదు, అతుక్కోకుండా మిగిలిపోయింది. జన్యువులు, తల్లికి షుగర్, పొగ, మందు, కొన్ని ఫిట్స్ మందులు రిస్క్ పెంచుతాయి (డాక్టర్‌ని అడక్కుండా ఫిట్స్ మందులు మాత్రం ఆపకండి). చాలామందిలో ఇదే కారణం అని ఒక్కటి చూపించలేం.

ఈ గొడవలో అందరూ మర్చిపోయింది బాబు ఆకలి. చిల్లు పడ్డ స్ట్రాతో కూల్‌డ్రింక్ తాగి చూడండి, రాదు. అంగిలి చీలితే చప్పరింపు అలాగే ఉంటుంది. బిడ్డ లాగి లాగి అలిసి పడుకుంటాడు, మనమేమో కడుపు నిండింది అనుకుంటాం. అందుకే తల్లిపాలు పిండి, చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో కొంచెం కొంచెంగా పట్టాలి. పడుకోబెట్టి కాదు, తల పైకి ఉండేలా ఎత్తుకుని. మధ్యమధ్యలో త్రేన్పు తెప్పించాలి. ముక్కులోంచి కొంచెం పాలు వస్తే భయపడొద్దు. ఊపిరాడకపోయినా, నీలంగా మారినా వెంటనే హాస్పిటల్‌కి. పెదవి ఒక్కటే చీలితే చాలామంది పిల్లలు రొమ్ము దగ్గరే తాగేస్తారు. వారం వారం తూకం చూడండి, ఎందుకంటే ఆపరేషన్‌కి బరువు కావాలి.

పెదవికి సాధారణంగా 3 నుంచి 6 నెలల్లో, అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. అంగిలిది లేట్ చేస్తే మాట ముక్కుతో వస్తుంది. తర్వాత చెవులు, పళ్లు చూపించాలి, అవసరమైతే స్పీచ్ థెరపీ.

డబ్బుల సంగతా? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం లిస్టులో ఇది ఉంది. ఆశా అక్కని అడగండి. స్మైల్ ట్రెయిన్ సంస్థ కూడా తనతో కలిసి పనిచేసే హాస్పిటళ్లలో ఉచితంగా చేయిస్తుంది. మనకి హైదరాబాద్ 44వ నంబర్ హైవే మీద సీదా దారే కదా.

అక్క ఇప్పుడు ఉగ్గుగిన్నెతోనే పడుతోంది. పోయిన వారం బాబు 200 గ్రాములు పెరిగాడు. ఉంటా మరి.