తెల్లకంకి కనబడకమునుపే: ఇంటిల్లిపాదికి ఆరోగ్య పరీక్ష



వరిసేద్యము చేయువాడెవ్వడును నారుమడి వైపు చూడక నెల దినములు గడపడు. కాండము తొలుచు పురుగు ఆకు కొనలయందు గ్రుడ్లు పెట్టినపుడు, ఆ కొనలు త్రుంచి నాటినచో పైసా ఖర్చు లేకయే పురుగు బాధ చాలవరకు తగ్గును. మొవ్వు ఎండిన పిమ్మట కొంత నష్టము తప్పదు. తెల్లకంకి బయటపడిన పిమ్మట ఏ మందు చల్లినను ఆ కంకికి గింజ పట్టదు. ఈ సంగతి పదేండ్ల బాలునికి సైతము తెలియును. ఇంత తెలిసిన మనము మన దేహముల విషయమున మాత్రము తెల్లకంకి కనబడువరకు కాచుకొనియుందుము.

ఇటీవలి సంగతి యొకటి చెప్పెదను. నేను తిరుగు గ్రామములలో ఒకదానియందు నలువదియెనిమిదేండ్ల రైతు కలడు, మంచి కష్టజీవి. తలనొప్పి వచ్చినపుడెల్ల ఎండదెబ్బ యని తువాలు తడిపి చుట్టుకొనెడివాడు. కోతల కాలమున ఒకనాటి యుదయము గట్టుమీదనే కూలబడెను. కుడిచేయి, కుడికాలు పడిపోయెను. రక్తపోటు హెచ్చి పక్షవాతము వచ్చినదని వైద్యులు చెప్పిరి. అంతవరకు ఆయన చేతికి పోటు కొలుచు పట్టీ ఒక్కమారైనను కట్టినవారు లేరు. ఆసుపత్రి ఖర్చులకై రెండెకరముల భూమి తాకట్టు పడెను. పంట యప్పు గడువు దాటెను. గడువు పొడిగింపు కోరి సంఘ కార్యాలయమునకు వచ్చిన ఆయన భార్య, "అయ్యా, ఆరోగ్య ఉపకేంద్రము మా వీధి చివరనే యున్నది. ఒక్కనాడు పోయి చూపించుకొనియుంటే ఈ గతి పట్టెడిదా?" అని యడిగెను. నాకు మాట తోచలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణమదియే.

రక్తపోటును, మధుమేహమును మొదట నొప్పి పెట్టవు. ఆకలి యుండును, నిద్ర పట్టును, నాగలి పట్టు బలమును ఉండును. కాని లోపల రక్తనాళములు దెబ్బ తినుచునేయుండును. ఏండ్లు గడచిన పిమ్మట గుండె, మెదడు, కన్నులు, మూత్రపిండములు ఒక్కొక్కటిగా చెడును. గావున "నాకేమి రోగము? దుక్కలాగున్నాను" అనువాడే ముందుగా పరీక్షకు పోవలసినవాడు.

రక్తపోటు కొలుచుటకు అయిదు నిమిషములు చాలును. అంతకు అరగంట ముందునుండి చుట్ట కాల్చరాదు, కాఫీ త్రాగరాదు. అయిదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండి, చేతిని గుండె యెత్తున ఆనించి కొలిపించుకొనవలయును. పై యంకె 140 గాని, క్రింది యంకె 90 గాని, అంతకు మించి గాని యున్నచో హెచ్చుపోటుగా నెంతురు. అయితే ఒక్కమారు కొలిచినంతనే రోగమని తీర్మానింపరు; మరియొకనాడు తిరిగి కొలుతురు. ఇక రక్తములోని చక్కెరను వ్రేలికొన నుండి తీసిన ఒక్క బొట్టుతో చూతురు. రాత్రి భోజనము పిమ్మట ఎనిమిది గంటలైనను ఏమియు తినక, ఉదయముననే నరమునుండి తీసిన రక్తములో, డెసిలీటరునకు 126 మిల్లీగ్రాములు గాని, అంతకు హెచ్చు గాని యున్నట్లు రెండుమారులు తేలినచో అది మధుమేహము. 100 దాటి 126 లోపున నున్నచో హెచ్చరిక యని తెలియవలయును. తిండియందును, నడకయందును మార్పు చేసికొన్నచో అనేకులకు రోగము రాకుండ ఆగును.

ఈ రెండు పరీక్షలును 30 ఏండ్లు దాటిన ప్రతివారికిని ఏటేట చేయవలెనని మన దేశమున నియమము. ఇందులకై ఇంటింటి లెక్క తీయు కార్యక్రమము 2017లో ప్రారంభమైనది. ఆశా కార్యకర్త మీ గుమ్మమున నిలిచి వయస్సు, చుట్టపొగ, నడుము కొలత అడుగునది ఇందులకే. ఆమెను "తరువాత రమ్ము" అని పంపివేయకుడు.

మూత్రపిండముల సంగతి శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి మొదలగు మండలములలో కొబ్బరి, జీడిమామిడి తోటలు పెంచుకొను కుటుంబములలో ఎన్ని యిండ్లు ఈ వ్యాధివలన చితికిపోయినవో వారెరుగుదురు. 2023లో పలాసలో ఇందులకై 200 పడకల ఆసుపత్రి తెరువబడినది. మూత్రపిండము చాలభాగము చెడువరకు బయటకు ఏ గురుతును చూపదు. రక్తములో క్రియాటినిన్ అను పదార్థమును, మూత్రములో మాంసకృత్తును చూచు పరీక్షలే ముందుగా పట్టియిచ్చును. రక్తపోటు, మధుమేహము ఉన్నవారును, ఉద్దానము వంటి చోట్ల నివసించువారును ఈ పరీక్షలు ఏటేట చేయించుకొనవలయును. ఒంటినొప్పులకు అంగడిలో బిళ్లలు కొని మ్రింగు అలవాటు మూత్రపిండములకు హాని చేయునని కూడ గుర్తుంచుకొనుడు.

ఇక నోటి పరీక్ష. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీర గ్రామములలో స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగుట కలదు. ఆ వేడికిని పొగకును అంగిలి కమిలి, తెల్లని మచ్చలు పుట్టి, కొందరికి క్యాన్సరు అను రాచపుండుగా మారును. పొగాకు నమలువారికి బుగ్గలోపల ఇట్లే జరుగును. రెండు వారములలో మానని పుండు గాని, తెల్లని, ఎర్రని మచ్చ గాని కనబడినచో ఆలస్యము చేయరాదు. కేరళలో తిరువనంతపురము ప్రాంతమున శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఏండ్ల తరబడి జనుల నోళ్లను దీపము వేసి చూచిరి. 2005లో ప్రకటింపబడిన ఫలితము ప్రకారము, పొగాకు గాని మద్యము గాని వాడువారిలో నోటి క్యాన్సరు మరణములు దాదాపు మూడవ వంతు తగ్గెను.

గృహిణుల విషయము వేరుగా చెప్పవలసియున్నది. ఇంటిలో అందరికిని వడ్డించి కడపట భుజించు ఇల్లాలు, వైద్యునివద్దకు కూడ కడపటనే పోవుచున్నది. 30 మొదలు 65 ఏండ్ల వరకు గల స్త్రీలు అయిదేండ్లకొకమారు గర్భాశయ ముఖద్వార పరీక్షయు, రొమ్ము పరీక్షయు చేయించుకొనవలయును. పలుచని ఎసిటిక్ ఆమ్లము, అనగా వెనిగరు వంటి ద్రవము, అద్ది ఒక నిమిషము చూతురు. చెడు పొర యున్నచో తెల్లబడును. అది రాచపుండు కాకమునుపే చిన్న చికిత్సతో తీసివేయవచ్చును. తమిళనాడున దిండిగల్లు జిల్లా గ్రామములలో ఈ పద్ధతిని పరీక్షింపగా, ఆ వ్యాధి మరణములు నూటికి 35 వంతున తగ్గినట్లు 2007లో తేలినది. పరీక్ష చేయువారు సాధారణముగా స్త్రీలే. సిగ్గుపడి ప్రాణము పోగొట్టుకొనరాదు. భర్తలు, అత్తలు అడ్డు చెప్పక వెంటబెట్టుకొని పోవుట ధర్మము.

రక్తహీనతయు అట్టిదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తము తక్కువవారే. హిమోగ్లోబిను డెసిలీటరునకు 12 గ్రాములకు, గర్భిణులకు 11 గ్రాములకు తగ్గరాదు. నాట్లు వేయుచు ఆయాసపడు ఇల్లాలిని సోమరి యనకమునుపు ఈ పరీక్ష చేయింపుడు. పాఠశాలకు వైద్యబృందము వచ్చిన దినమున పిల్లలను పొలము పనులకు తీసికొనిపోరాదు. చూపు మందగించిన పిల్లవానిని చదువురానివాడని కొట్టుట మనకు క్రొత్తగాదు.

కొన్ని హెచ్చరికలు. పరీక్ష వేరు, రోగనిర్ణయము వేరు. మొదటి అంకెకే భయపడి అప్పు చేయకుడు. రెండవమారు చూపించి వైద్యుని సలహా పొందుడు. వేల రూపాయల సంపూర్ణ పరీక్షల పేరిట వచ్చు ప్రకటనలకు మోసపోకుడు. ఏ బాధయు లేనివానికి అవి యన్నియు అక్కరలేదు. రోగము తేలిన పిమ్మట మందు మానరాదు. బిళ్ల మ్రింగి పోటు తగ్గినచో అది బిళ్ల గుణమే గాని రోగము పోయినందున కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఈ మందులు ఉచితముగా నిత్తురు.

సంఘము చేయదగిన పని యొకటి కలదు. ఎరువులు పంచు దినముననే ఏ.ఎన్.ఎం.ను పిలిచి సంఘ భవనమున పోటు, చక్కెర చూపించు ఏర్పాటు చేయవచ్చును. స్త్రీల పరీక్షలకు వేరొక దినము ఉపకేంద్రమున నిర్ణయింపవచ్చును. అప్పు ఖాతా వలెనే ప్రతి కుటుంబమునకు ఒక చిన్న పుస్తకముంచి, పేరు, తేది, అంకెలు వ్రాసికొనుడు. ఆ పుస్తకము కుటుంబము వద్దనే యుండవలయును. ఒకరి రోగము ఊరందరి నోట పడరాదు.

పైన జెప్పిన రైతు భార్య ఆ వారముననే తన పోటు కొలిపించుకొనెను. ఆమెకును హెచ్చుగానే యుండెను. ఇపుడు దినమునకొక బిళ్ల వేసికొనుచు, ఉప్పు తగ్గించి, భర్తను చూచుకొనుచు, మిగిలిన చేను తానే సాగు చేయించుచున్నది. ఆ యింటికి మిగిలిన ఆధారమామెయే. మీ యింటి ఆధారము ఎవరో యోచించి, ఈ నెలలోనే వారిని వెంటబెట్టుకొని ఉపకేంద్రమునకు పొండు.