కాన్పు సెలవు: పిల్లలు లేనివారికి అన్యాయమా?

మీ ఇంటి కోడలు కాన్పుకు ఆసుపత్రిలో చేరింది. ఆరు నెలలు ఆమె పనికి వెళ్ళదు. ఆమెతో కలిసి పనిచేసే మరొకామెకు పిల్లలు లేరు. ఇద్దరి పనీ ఇప్పుడు ఆమె మీదే పడింది. "కన్నవారికి జీతంతో సెలవు, కననివారికి రెట్టింపు పనా?" అని ఆమె అడిగితే కోపగించుకోకండి. అడగదగిన ప్రశ్నే.

సెలవు ఎందుకు?

కాన్పు తరువాత గర్భసంచి మామూలు స్థితికి రావడానికి సుమారు 6 వారాలు పడుతుంది. ఆపరేషన్ అయితే కుట్ల బాధ అదనం. అధిక రక్తస్రావం, జ్వరం, రక్తపోటు వంటి ప్రమాదాలు ఈ రోజుల్లోనే రావచ్చు. బిడ్డకు మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రాత్రింబవళ్ళు పాలిచ్చే తల్లికి అది విశ్రాంతి కాదు.

మన దేశంలో 12 వారాలుగా ఉన్న ఈ సెలవును 2017లో 26 వారాలకు పెంచారు. ఇద్దరు పిల్లలున్న తల్లికి తరువాతి కాన్పుకు 12 వారాలే. గర్భస్రావమైన స్త్రీకి కూడా చట్టం 6 వారాల సెలవు ఇస్తుంది. అంటే ఇది బిడ్డను కన్నందుకు బహుమానం కాదు. శరీరం కోలుకోవడానికి, పసిబిడ్డ నిలదొక్కుకోవడానికి ఇచ్చే గడువు.

ఆ డబ్బు ఎవరిది?

ఇ.ఎస్.ఐ. ఉన్నచోట 2019 జులై నుండి ఉద్యోగి జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడుతున్నారు. పెళ్ళికానివారు, పురుషులు, పిల్లలు లేనివారు అందరూ కడతారు. ఆ నిధి నుండే బాలింతకు డబ్బు వస్తుంది. పిల్లలు లేని ఉద్యోగి కాలు విరిగి మంచాన పడితే, ఆ నిధి నుండే సంవత్సరానికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అందుతుంది. అందులో ఆ తల్లి కట్టినదీ ఉంటుంది.

అన్యాయం ఎక్కడ?

సెలవులో ఉన్న మనిషికి బదులు మరొకరిని పెట్టకుండా, ఉన్నవారితోనే పని లాగించడం అన్యాయం. "నీకు పిల్లా జెల్లా లేరుగా" అని పండుగ డ్యూటీలన్నీ ఒకరికే వేయడం అన్యాయం. పిల్లల కోసం ఏళ్ళ తరబడి మందులు వాడుతున్నవారికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో ఆలోచించండి.

మరొకటి కూడా ఉంది. తండ్రి మంచం పక్కన రాత్రంతా కూర్చున్న కొడుకును మీరు ఈ వార్డులోనే చూసి ఉంటారు. ఒకవేళ మీరే ఆ కొడుకు కావచ్చు. ఇ.ఎస్.ఐ.లో అతని మీద ఆధారపడిన తండ్రికి వైద్యం ఉంది. కాని తండ్రిని చూసుకోవడానికి పని మానిన కొడుకుకు ఆ రోజుల జీతం అందులో రాదు. ఇటువంటివారికి కూడా జీతంతో సెలవు కావాలి.

మీరు చేయగలిగినవి

• కాన్పు తేదీని పనిచోట ముందుగానే తెలపండి. బదులు మనిషిని పెట్టుకోవడానికి వ్యవధి ఉంటుంది.
• బదులు మనిషి కావాలని తోటివారితో కలిసి యాజమాన్యాన్ని అడగండి.
• మీ పని మోసినవారిని మరువకండి. వారి ఇంట్లో జబ్బు వచ్చినప్పుడు వారి డ్యూటీ మీరు చేయండి.
• పిల్లలు ఎందుకు లేరని ఎవరినీ అడగకండి.

బాలింత సెలవు తగ్గించినంత మాత్రాన రోగి పక్కన కూర్చున్నవారికి ఒక్క రోజు సెలవు కూడా పెరగదు. ఇద్దరికీ కావాలని కలిసి అడగడమే న్యాయం.