మచ్చు ఒకటి, సరకు ఒకటి

ఒంగోలునకు తూర్పున, సముద్రతీరమున, సరుగుడు తోటల నడుమనున్న మా కొత్తపట్నపు స్త్రీలకు పూర్వము అలంకరణ సామగ్రి లభించు తావులు రెండే: తిరునాళ్ళలో వెలసెడు గాజుల అంగడి ఒకటి, ఒంగోలు బజారులోని ఫ్యాన్సీ కొట్టు మరియొకటి. ఆ రెండు చోట్లను కొనువారు వస్తువును చేతబట్టి, మూత తీసి, వాసన చూచి, మణికట్టుపై కొంచెము రాచి, బేరమాడి, నచ్చిన పిమ్మటనే కొంగుముడి విప్పెడివారు. నేడు కొరియరు కుఱ్ఱవాడు తెచ్చిన పొట్లమును విప్పునంతవరకు కొన్నవారు ఆ వస్తువును చూచియే యుండరు. వారు చూచినదెల్ల సెల్‌ఫోనులో ఒక యువతి ముఖమును, ఆమె పెదవులపై మెరయు వర్ణమును మాత్రమే. వినినదెల్ల 'ఇది నేను స్వయముగా వాడుచున్నాను' అను ఆమె మాటను మాత్రమే. ఈ యువతులనే మన పిల్లలు ఇన్‌ఫ్లూయెన్సర్లని వ్యవహరించుచున్నారు.

ఈ నూతన వృత్తి యొక్క స్వరూపమును ముందుగా గ్రహింపవలయును. యూట్యూబునందో, ఇన్‌స్టాగ్రామునందో కొన్ని సంవత్సరములు ఓపికతో అలంకరణ విధానములను నేర్పి, మంచి సరకును మంచిదనియు, చెడ్డదానిని చెడ్డదనియు మొగమాటము లేక చెప్పి, లక్షలాది వీక్షకుల విశ్వాసమును సంపాదించిన వ్యక్తిని ఒక కంపెనీ ఆహ్వానించి, ఆమె పేరును తన పెట్టెపై ముద్రించి, అమ్మకములలో ఆమెకు ప్రతిఫలమిచ్చుటకు ఒడంబడును. దీనినే కొలాబ్ అందురు. సినీతార చేయు ప్రకటనకును దీనికిని గల భేదము సూక్ష్మమైనను గొప్పది. తార పైకము పుచ్చుకొని నటించుచున్నదని ప్రేక్షకునకు తెలియును గనుక, ఆ మాటను అతడు తగ్గించియే లెక్కించుకొనును. ఇన్‌ఫ్లూయెన్సర్ చెప్పునది స్వానుభవమువలె కనబడును. ఆమె పలుకుబడి యంతయు పూర్వము ఆమె పలికిన నిజముల ఫలితమే. అట్టి పలుకుబడిని ఒక పెట్టెపై ముద్రించి అమ్మినపుడు, పెట్టెలోని సరకు నాసిరకమైనచో, కొన్నవారికి నష్టమగునది కేవలము ధనము కాదు.

ఇందుకు లోకప్రసిద్ధమైన దృష్టాంతము అమెరికాలో జరిగినది. జాక్లిన్ హిల్ అను యూట్యూబు అలంకరణ బోధకురాలు 2015లో బెక్కా అను కంపెనీతో కలిసి, చెక్కిళ్ళకు కాంతి నిచ్చు షాంపేన్ పాప్ అను హైలైటరును వెలువరించగా, సెఫోరా వారి ఆన్‌లైన్ అంగడిలో 20 నిమిషములలో 25,000 డబ్బీలు అమ్ముడుపోయినవి. ఆ విజయముతో మరుసటి సంవత్సరము అదే జంట మరింత విస్తృతముగా షాంపేన్ శ్రేణిని విడుదల చేసినది. ఈసారి అందులోని కనురెప్పల రంగుల పెట్టెను కొన్నవారు, అది సుద్దపొడివలె రాలిపోవుచున్నదనియు, వర్ణము నిలువదనియు ఆక్షేపింపగా, కంపెనీ ఆ పెట్టెను విపణినుండి ఉపసంహరించుకొనవలసి వచ్చినది. 2018లో మార్ఫీ అను మరియొక కంపెనీతో కలిసి ఆమె ప్రకటించిన నాలుగు పెట్టెల సమూహమును ముందుగా పరీక్షించినవారు దానిలోని రంగులు సరిగా పట్టుట లేదని చెప్పగా, విడుదలను వాయిదా వేసి సరిదిద్దవలసి వచ్చినది.

ఇక 2019 మే నెలాఖరున ఆమె తన సొంత పేరుతోనే 20 వర్ణముల లిప్‌స్టిక్కులను వెలువరించినప్పుడు వివాదము పరాకాష్ఠ నందుకొన్నది. పొట్లములు విప్పినవారు ఆ కడ్డీలలో వెంట్రుకలవంటి పోగులను, నల్లని చుక్కలను, గరుకుదనమును, గుంటలను చూచి, ఛాయాచిత్రములు తీసి లోకమునకు ప్రదర్శించిరి. ఆ పోగులు కర్మాగారములో పనివారు ధరించు తెల్లని చేతితొడుగులనుండి రాలినవనియు, సరకు హానికరము కాదనియు ఆమె సమాధానము చెప్పినది. ఆ సమాధానము ఎవరికిని తృప్తి కలిగింపలేదు. కొలది దినములకే కొన్నవారందరికిని సొమ్ము తిరిగి ఇచ్చెదనని ప్రకటింపక తప్పినది కాదు. మూడు సార్లు మూడు వేరు సంస్థల పేర్లతో వెలువడిన సరకునందు ఒకే విధమైన ఆక్షేపణ పుట్టినదనిన, దోషమును ఒక కర్మాగారము మీదనో, ఒక వ్యక్తి మీదనో మోపి ఊరకుండుటకు వీలు లేదు. ఆ వ్యాపార పద్ధతిలోనే ఏదియో లోపమున్నదని నాకు తోచుచున్నది.

ఆ లోపమేదియో తెలియవలెనన్న, లిప్‌స్టిక్కు ఎట్లు తయారగునో కొంచెము చూడవలెను. మైనము, నూనె, వర్ణద్రవ్యము, ఈ మూడును దానికి మూలపదార్థములు. నూనెలలో ముఖ్యమైనది మన మెట్టపొలాలలో పండు ఆముదమే. చిక్కదనము, జిగి, వర్ణమును తనలో కలుపుకొను గుణము దానికి అధికము. వర్ణపు పొడిని ఆముదములో కలిపి, మూడు రోలర్ల యంత్రముపై మరల మరల నూరి, ఆ ముద్దను కరగిన మైనములో చేర్చి, గాలి బుడగలు పోవునట్లు నిదానముగా కలియబెట్టి, అచ్చులలో పోసి, త్వరితముగా చల్లార్చి, పైభాగమును మంట సెగపై క్షణకాలము చూపి నునుపు చేయుదురు. నూరుట చాలనిచో గరుకుదనము మిగులును. బుడగలు పోనిచో గుంటలు పడును. చల్లార్చుట మందగించినచో మైనము పెద్ద రవ్వలుగా గడ్డకట్టును. ఎండలో వేడెక్కినచో నూనె పైకి చెమర్చును. కనురెప్పల రంగు పొడి సంగతియు ఇట్టిదే. దానిని పళ్ళెములో అదుము ఒత్తిడి ఎక్కువైనచో వర్ణము వ్రేలికి అంటదు, తక్కువైనచో పొడియై రాలును.

ఇప్పుడు విషయము స్పష్టమగును. ఇన్‌ఫ్లూయెన్సర్ పేరిట వెలువడు సరకులలో అధికభాగము ఆమె కర్మాగారమున గాని, ఆ బ్రాండు కర్మాగారమున గాని తయారు కాదు. అనేక బ్రాండ్లకు సరకు చేసియిచ్చు మూడవ సంస్థ యొక్క యంత్రములపై తయారగును. తొలుత ఆమె చూచి మెచ్చునది ప్రయోగశాలలో నిపుణుడు చిన్న పాత్రలో, తీరికగా, జాగ్రత్తగా చేసిన నమూనా. ఆ పిదప వేలాది గిరాకీ ఒక్కసారిగా మీదపడగా, పెద్ద యంత్రములపై, గడువులోపల, కొన్నిసార్లు వేరొక కర్మాగారములో చేసినది కొనువారికి చేరును. సూత్రము ఒక్కటియే యైనను ఫలితము ఒక్కటి కానవసరము లేదు. వీడియోలో లక్షలమంది చూచినది ఆ తొలి నమూనాను.

గుంటూరు మిర్చియార్డు గురించి తెలిసినవారికి ఈ సంగతి యొక్క ప్రాముఖ్యము ఇట్టే బోధపడును. అక్కడ మచ్చు చూపి అమ్ముట తరతరాల ఆచారము. కాని ఆ మచ్చును రైతు ఇంటినుండి ఏరి తెచ్చుకొనుటకు వీలులేదు. కొనువాడు తాను కోరిన బస్తాను విప్పించి, లోనికి చేయి పోనిచ్చి, అడుగునుండి కాయలు తీసి, రంగు చూచి, తేమ చూచి, తాలుకాయలెన్ని యున్నవో చూచి, ఆ తరువాతనే ధర పలుకును. బస్తాపైన ఎఱ్ఱని తేజ కాయలు పరచి అడుగున తాలు నింపినవాని మోసము ఆ పూటనే బయటపడును. సముద్రము దాటి పోవు సరకు విషయమున విదేశీయులు ఇంకను కఠినులు. మిరపకారములో సూడాన్ అను నిషిద్ధపు రంగు కలియుచున్నదని తెలిసినది మొదలు, 2003 నుండి యూరోపు దేశములవారు ప్రయోగశాల ధ్రువపత్రము లేని సరుకును తమ రేవులలో దింపనీయలేదు. మిరపకాయకు కొనువాడు విధించిన ఈ కట్టుబాటు పెదవికి రాయు రంగునకు లేకపోవుట విచారకరము. అచ్చట మచ్చును తీయు చేయి కొనువానిది. ఇచ్చట మచ్చును తయారు చేయువాడును, ఏరువాడును, చూపువాడును అమ్మువాడే.

మన దేశమున చట్టము లేకపోలేదు. 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనముల చట్టము క్రింద 2020 డిసెంబరులో ప్రత్యేకముగా సౌందర్యసాధనముల నియమావళి వెలువడినది. దాని ప్రకారము, చిన్న డబ్బీలకు గల కొన్ని మినహాయింపులు తప్ప, ప్రతి డబ్బీపైనను తయారీదారుని పేరు, చిరునామా, బ్యాచి సంఖ్య, లైసెన్సు సంఖ్య, వాడవలసిన గడువు, కలిపిన పదార్థముల పట్టిక ఉండవలెను. విదేశీ సరకైనచో దిగుమతి నమోదు సంఖ్యయు ఉండవలెను. కంటికి వాడునవి తప్ప తక్కిన సరకులలో పాదరసమును బుద్ధిపూర్వకముగా కలుపుట నిషిద్ధము. అట్టి సరకులలో తెలియక చేరినదియు పది లక్షల భాగములలో ఒక భాగమును మించరాదు. ఈ నిబంధన ఎంత ప్రాణావసరమో కేరళలోని మలప్పురం జిల్లా వృత్తాంతము చెప్పుచున్నది. కోట్టక్కల్‌లోని ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జూలై మొదలు 2023 సెప్టెంబరు వరకు మెంబ్రేనస్ నెఫ్రోపతీ అను మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిని పరీక్షింపగా, 15 మందిలో అరుదైన యొకానొక రకము కనబడినది. ఆ 15 మందిలో 13 మంది, తరచు పాదరసము కలిసియుండునట్టి, చర్మమును తెల్లబరచు క్రీములు వాడినవారే. రంగు పట్టని కనురెప్పల పొడి మనస్సును నొప్పించును. పాదరసపు క్రీము మూత్రపిండములనే నశింపజేయును. రెండింటిని ఒకే గాటను కట్టరాదు గాని, రెండును ఇంటిలోనికి వచ్చు ద్వారము ఒక్కటే: పరీక్షింపని మాటను నమ్ముట.

ఆ మాట చెప్పువారికిని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము బాధ్యతను విధించినది. తప్పుదారి పట్టించు ప్రకటనకు సమర్థకులుగా నిలిచినవారిపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారము 10 లక్షల రూపాయల వరకును, మరల చేసినచో 50 లక్షల వరకును జరిమానా విధింపవచ్చును. మొదట ఒక సంవత్సరము, తదుపరి మూడు సంవత్సరముల వరకు ఏ వస్తువును సమర్థింపకుండ నిషేధింపవచ్చును. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము విడుదల చేసిన మార్గదర్శకముల ప్రకారము, పైకము పుచ్చుకొన్నను, కేవలము ఉచితముగా ఒక పొట్లము పుచ్చుకొన్నను, ఆ సంబంధమును వీక్షకులకు స్పష్టముగా చెప్పి తీరవలెను. మా ప్రాంతమునందును రీల్స్ చేయు బాలికలు పెరుగుచున్నారు. ఒక డబ్బీ ఉచితముగా వచ్చినదని సంతోషించి నాలుగు మంచి మాటలు చెప్పెడి ఆ పిల్లలకు ఈ నియమము తమకును వర్తించునని చెప్పువారు లేరు. వారిని నిందించుట నా అభిమతము కాదు. చెప్పవలసిన బాధ్యత పొట్లము పంపిన కంపెనీది.

తెలుగు దేశమున సమర్థకుల బాధ్యత అను విషయము అలంకరణ సామగ్రి వలన గాక జూదపు యాపుల వలన వీధికెక్కినది. 2025 మార్చిలో హైదరాబాదులోని మియాపూర్ పోలీసులు అట్టి యాపులకు ప్రచారము చేసిరని సినీతారలు, యూట్యూబర్లు కలిపి 25 మందిపై కేసు నమోదు చేసిరి. అందు నిజానిజములు న్యాయస్థానములు తేల్చవలసినవి. ఇందుకు భిన్నముగా, 2019లో రెండు కోట్ల రూపాయలు ఇచ్చెదమనినను తెల్లబరచు క్రీముకు ప్రకటన చేయ నిరాకరించిన సినీనటి సాయిపల్లవిని ఇచ్చట స్మరింపకుండ ఉండలేను. ఆ క్రీములో ఏమున్నదో పరీక్షించి ఆమె నిరాకరింపలేదు. మన మేనిఛాయ భారతీయుల సహజవర్ణమేయని ఆమె భావించినది.

చట్టములో సమర్థకులకు ఒక మినహాయింపు కలదు: తాము తగు జాగ్రత్తతో విచారించితిమని నిరూపించినచో జరిమానా తప్పును. ఆ తగు జాగ్రత్త యన నేమి? కంపెనీ బహుమతిగా పంపిన మెరుగైన పెట్టెను రాచి చూచుట జాగ్రత్త అనిపించుకొనునా? నా దృష్టిలో కొలాబ్‌పై తన పేరు ముద్రించుకొనునామె, విక్రయమునకు సిద్ధమైన బ్యాచిలోనుండి, తన కంటి ఎదుట, తాను ఎంచిన పెట్టెలను విప్పించి పరీక్షింపవలెను. విడుదలైన తరువాత సామాన్యురాలివలె అంగడిలో కొని మరల చూడవలెను. తేడా కనబడిననాడు వీడియోలో కన్నీరు పెట్టుటకు ముందే అమ్మకము నిలిపివేయించవలెను. ఈ షరతులను ఒప్పందములోనే వ్రాయించుకొనవలెను. ఒప్పుకొనని కంపెనీకి పేరు ఇయ్యకుండుటయే తగు జాగ్రత్త యొక్క మొదటి మెట్టు. నేను తయారు చేయలేదు, నాకు తెలియదు అను సమాధానము, లాభము పంచుకొనునాడు వినబడలేదు గనుక, నష్టము వచ్చిననాడు చెల్లరాదు.

మోసపోయితిమని తలచువారు ఊరకుండవలసిన పని లేదు. వినియోగదారుల సహాయ కేంద్రపు ఫోను సంఖ్య 1915. కంపెనీ ముంబైలో ఉన్నను, బెంగళూరులో ఉన్నను, ఫిర్యాదు చేయువారు తాము నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చునని 2019 చట్టము అంగీకరించినది గనుక, కొత్తపట్నపు స్త్రీ ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళిన చాలును. కొన్న వస్తువు వెల ఐదు లక్షల రూపాయలలోపున ఉన్నంతవరకు ఫీజు చెల్లింపనక్కరలేదు. కారణము పుట్టిననాటినుండి రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు ఈయవలెను. బిల్లును, పొట్లమును, బ్యాచి సంఖ్య గల డబ్బీని, ఆ వీడియో ప్రతిని భద్రపరచుకొనుట అవసరము. ఏలయనగా వివాదము రేగిన మరుక్షణమున మొదట మాయమగునది ఆ వీడియోయే.